పిల్లికి ఇల్లంటే ఎవరు?

అమ్మను హైదరాబాదు ఆసుపత్రిలో చేర్చిన నాలుగో రోజు పొద్దున పక్కింటి వదిన ఫోను చేసింది. "మీ పిల్లి మూడు రోజుల నుంచి ఏమీ ముట్టడం లేదు వదినా. పాలు పోస్తే వాసన చూసి వెళ్ళిపోతోంది. ఎండు చేపలు కాల్చి పెట్టినా అంతే. పెద్దమ్మ మంచం మీద బొంతలో దూరి పడుకుంది, పిలిచినా తల ఎత్తడం లేదు" అంది. నేను అప్పుడు డబ్బు కట్టే కిటికీ దగ్గర వరుసలో నిలబడి ఉన్నాను. అమ్మకు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ముందు రోజు రాత్రే చెప్పారు. "పిల్లి కదా వదినా, ఆకలైతే అదే తింటుంది" అని ఫోను పెట్టేశాను.

చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన మాటే ఆ రోజు నా నోట వచ్చింది. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అంటారు. ఇంకో మాట కూడా ఉంది. ఇంటినిండా పిల్లలు పుట్టాలని కుక్క కోరుకుంటుందట, వాళ్ళు తింటూ పారేసే ముద్దలు తనకు దొరుకుతాయని. పిల్లి మాత్రం ఇంట్లోవాళ్ళ కళ్ళు పోవాలని కోరుకుంటుందట, ఉట్టి మీది పాలు అడ్డు లేకుండా తాగొచ్చని. నవ్వుతూ చెప్పుకునే మాటలే ఇవి. కానీ ఇంటికి తాళం వేసి నెల రోజులు ఊరికి వెళ్ళేటప్పుడు మనకు అక్కరకు వచ్చేవీ ఇవే. పిల్లికి ఇల్లుంటే చాలు, మనం లేకపోయినా దానికి ఏమీ కాదు అనుకుని బస్సు ఎక్కేస్తాం. ఈ నమ్మకంలో నిజం సగమే ఉంది. మిగతా సగం తెలియక మనం చేసే పనుల వల్ల పిల్లులు మన కంటికి కనబడని చోట నలిగిపోతున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

బెల్లం మా ఇంటికి వచ్చి ఆరేళ్ళయింది. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రికి వెళ్ళే రోడ్డు వైపు మా ఇల్లు. ఒక ఆషాఢం వానలో మోరీ పక్కన అరుస్తుంటే అమ్మ కొంగులో చుట్టి తెచ్చింది. అప్పటికి దానికి నెల కూడా నిండినట్టు లేదు. దూది పాలలో ముంచి చుక్క చుక్కగా నోట్లో పిండింది. ఒళ్ళంతా పాత బెల్లం రంగు, అందుకే ఆ పేరు. పిల్లి పిల్లలకు రెండో వారం నుంచి ఏడో వారం దాకా ఉండే కాలం ఎంతో ముఖ్యమని జంతువుల ప్రవర్తనను చదివినవాళ్ళు చెబుతారు. ఆ వారాల్లో మనిషి చేతుల్లో మెలిగినది పెద్దయ్యాక కూడా మనిషి దగ్గరకు వస్తుంది. ఆ వారాలు దాటాక దొరికిన దాన్ని మచ్చిక చేసుకోవాలంటే చాలా ఓర్పు కావాలి. బెల్లం ఆ వారాలన్నీ అమ్మ ఒడిలోనే గడిపింది. దానికి చేపలు కొనేది నేను, ఇసుక తట్ట ఎత్తిపోసేది నేను. అయినా నాకు అది 'అది'. అమ్మకు 'వాడు'.

తెల్లవారుజామున ఐదింటికి అమ్మ లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి ముగ్గు వేస్తుంది. ముగ్గు పూర్తయ్యేదాకా బెల్లం అరుగు దిగదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి అమ్మ దాని స్టీలు గిన్నె అంచును గరిటెతో రెండుసార్లు తడుతుంది. ఆ చప్పుడుకే అది లోపలికి వస్తుంది. గిన్నెలో వేసినది వెంటనే తినదు. ముందు అమ్మ కాలి మడమకు బుగ్గ రాస్తుంది, ఒకటి, రెండు, ఒక్కోసారి మూడుసార్లు. ఆ తర్వాతే గిన్నె. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులు ఉంటాయి. తనకు దగ్గరైన మనుషులకూ వస్తువులకూ అది ఆ వాసన పూస్తుంది. ఆరేళ్ళుగా అమ్మ మడమలు రోజుకొకసారైనా ఆ వాసన అంటించుకుంటున్నాయి.

ఆ మధ్యాహ్నం అమ్మకు కాస్త తెలివి వచ్చింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నా వేళ్ళు పట్టుకుని మొదట అడిగిన మాట, "వాడు తిన్నాడా?" తిన్నాడని చెప్పాను. అమ్మ నా ముఖం చూసి కళ్ళు మూసుకుంది. పుణే నుంచి తమ్ముడు వచ్చి ఉన్నాడు. అమ్మను తమ్ముడికి అప్పజెప్పి సాయంత్రం బస్సుకు బయలుదేరాను.

ఇల్లు తెరిచేసరికి ఎనిమిది దాటింది. వదిన చెప్పినట్టే బెల్లం నులక మంచం మీద ఉంది. ఆ రోజు తెల్లవారకముందే హడావుడిగా వెళ్ళిపోయాం కదా, బొంత మడత పెట్టలేదు, అమ్మ విడిచిన రవిక దిండు పక్కనే పడి ఉంది. బెల్లం ఆ రవిక చేతిలోకి ముక్కు దూర్చి పడుకుంది. నిమిరితే వెన్నుపూసలు వేళ్ళకు ఒక్కొక్కటిగా తగిలాయి. వదిన పెట్టిన చేప ముక్కలు గిన్నెలో ఎండిపోయి చీమలు పట్టాయి. వదిన చేసిన తప్పు ఏమీ లేదు. రోజుకు రెండుసార్లు వచ్చింది, అదే గిన్నెలో, అదే చేప పెట్టింది. తిండి పెట్టే చేతికి మాత్రమే పిల్లి లొంగుతుందన్న వాదం నా మట్టుకు ఆ గిన్నె దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు, కళ్ళలో పసుపు ఉందేమోనని వెతికారు. అక్కడ నేను నేర్చుకున్న సంగతి పిల్లి ఉన్న ప్రతి ఇంటికీ తెలియాలి. మనం ఏకాదశికి కడుపు మాడ్చుకున్నా శరీరం తట్టుకుంటుంది. కుక్క కూడా కొంతవరకు తట్టుకుంటుంది. పిల్లికి ఉపవాసం ప్రమాదం. తిండి ఆగిపోగానే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును ఖర్చు చేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు, దాంతో అది కొవ్వుతో నిండి మూసుకుపోతుంది. బొద్దుగా ఉన్న పిల్లి కొద్ది రోజులు తినకపోయినా చాలు, ఈ జబ్బు మొదలు కావచ్చు. చిగుళ్ళు, కళ్ళు పచ్చబడతాయి, చూసుకోకపోతే ప్రాణం పోతుంది. దీనికి అసలైన వైద్యం తిండే, నోటితో కుదరకపోతే గొట్టంతో. "ఆకలైతే అదే తింటుంది" అని నేను తేలికగా అన్న మాట వెనుక ఇంత ప్రమాదం ఉంది. దిగులుతో తినడం మానేసిన పిల్లికి ఆకలి గుర్తు చేసేవాళ్ళు ఎవరూ ఉండరు. తినకపోవడం వల్ల వచ్చే నీరసం ఉన్న కాస్త ఆకలినీ చంపేస్తుంది.

బెల్లం అంతదూరం పోలేదు. అమ్మ చీర ఒళ్ళో పరుచుకుని, చేప ఉడికించిన నీళ్ళు గోరువెచ్చగా వేలికి అద్ది పెదవికి రాశాను. చాలాసేపటికి నాకింది. రాత్రి పన్నెండుకు ఒక చిన్న ముక్క తింది. తినడానికి ముందు చీర కుచ్చెళ్ళకు బుగ్గ రాసింది.

రెండో రోజు నాకు ఒక ఆలోచన వచ్చింది. తమ్ముడు ఫోను అమ్మ నోటి దగ్గర పెట్టాడు. అమ్మ సన్నగా "బెల్లం" అని పిలిచింది. మంచం మీద పడుకున్నది ఒక్కసారిగా లేచింది. చెవులు ఫోను వైపు తిరిగాయి, కళ్ళు మాత్రం తలుపు వైపు. దిగి వీధి తలుపు దగ్గరకు వెళ్ళి కింది సందులో వాసన చూసింది. వంటింట్లోకి వెళ్ళింది. పెరటి తలుపు దగ్గర నిలబడి అరిచింది. తిరిగి వచ్చి ఫోను చుట్టూ ఒకసారి తిరిగి మళ్ళీ వీధి తలుపు దగ్గరకు పోయింది. కాలు కాలిన పిల్లిలా అని మనం మనుషుల గురించి అంటాం. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఆ అరగంటలో చూశాను. ఆ సాయంత్రం అది మళ్ళీ తినలేదు.

జపాన్‌లో పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం గురించి చదివినప్పుడు నాకు ఆ సాయంత్రమే గుర్తొచ్చింది. 2021లో సాహో తకగి బృందం ప్రచురించిన పని అది. పిల్లి ఉన్న గదిలో, బయట స్పీకర్లు పెట్టి యజమాని గొంతు వినిపించారు. ముందు ఒకచోట నుంచి వినిపించిన గొంతు, అంత తొందరగా మనిషి చేరలేని మరోచోట నుంచి వినిపిస్తే పిల్లులు ఆశ్చర్యపోయాయి. అంటే కంటికి కనబడకపోయినా, మన మనిషి ఇప్పుడు ఇంట్లో ఎక్కడ ఉన్నారన్న లెక్క పిల్లి తలలో నడుస్తూనే ఉంటుంది. అంతకుముందు 2013లో అత్సుకో సైతో చేసిన పరిశోధనలో అపరిచితుల గొంతుల మధ్య యజమాని గొంతును పిల్లులు గుర్తుపట్టాయని తేలింది. అయితే గుర్తుపట్టినట్టు చూపించిన తీరు గమనించాలి. చెవులు కదిలించాయి, తల తిప్పాయి. లేచి పరిగెత్తుకుని రాలేదు. కుక్క అయితే తోక ఊపి, మీదికి ఎగిరి ఇల్లంతా చాటుతుంది. పిల్లి చెవి తిప్పి ఊరుకుంటుంది. దాని ప్రేమ మనకు వినబడకపోవడానికి సగం కారణం ఆ మౌనమే.

ఇప్పుడు చాలామంది ఇంట్లో కెమెరా బిగించి, దూరం నుంచి మాట్లాడుతూ పిల్లికి తోడుగా ఉన్నామని అనుకుంటున్నారు. కెమెరాతో చూడండి, మంచిదే, తింటోందో లేదో తెలుస్తుంది. గొంతు మాత్రం వినిపించకండి. మనిషి లేని గొంతు పిల్లిని వెతుకులాటలో పడేస్తుందని నేను కళ్ళారా చూశాను.

పిల్లికి మనిషి మీద బంధమే లేదని వాదించేవాళ్ళు చూపించేది 2015 నాటి ఒక పరిశోధన. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంలో డేనియల్ మిల్స్, ఆలిస్ పాటర్ 20 పిల్లులను కొత్త గదిలో యజమానితో, అపరిచితులతో, ఒంటరిగా ఉంచి చూశారు. పసిపిల్లలు తల్లిని ఆసరాగా చూసినట్టు పిల్లులు యజమానిని చూడలేదని తేల్చారు. పిల్లికి మనిషితో అనుబంధం ఉండదని మాత్రం వాళ్ళు అనలేదు. భద్రత కోసం మనిషి మీద ఆధారపడే అలవాటు కనబడలేదన్నారు, అంతే. నాలుగేళ్ళ తర్వాత అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ విటాలే బృందం మరో తీరులో చూసింది. కొత్త గదిలో యజమానితో రెండు నిమిషాలు, ఒంటరిగా రెండు నిమిషాలు, తిరిగి యజమానితో రెండు నిమిషాలు. మనిషి తిరిగి రాగానే పిల్లి ఏం చేస్తుందన్నదే పరీక్ష. 70 పిల్లి పిల్లల్లో 64.3 శాతం, 38 పెద్ద పిల్లుల్లో 65.8 శాతం, మనిషి రాగానే కుదుటపడి మళ్ళీ గది చూడటంలో పడ్డాయి. మనుషుల పసిపిల్లల్లోనూ ఇది దాదాపు 65 శాతమే.

మిగిలిన మూడో వంతు పిల్లుల సంగతి నాకు ఇంకా ముఖ్యం. అవి మనిషి వచ్చాక కూడా కుదుటపడలేదు. కొన్ని ఒళ్ళోకి ఎక్కి వదల్లేదు, కొన్ని దూరంగా ఉండిపోయాయి. దాన్ని బంధం లేకపోవడం అనరు, నమ్మకం కుదరని బంధం అంటారు. దిగులుపడే పిల్లలు ఉన్నట్టే దిగులుపడే పిల్లులు ఉన్నాయి. ఇంటికి రాగానే మూలకు వెళ్ళిపోయే పిల్లిని చూసి 'దీనికి మనమంటే లెక్క లేదు' అనేవాళ్ళు ఒక్కసారి ఈ సంగతి ఆలోచించాలి.

ఇంకో అభ్యంతరం ఉంది, అది గట్టిది. పిల్లి తపించేది మనిషి కోసం కాదు, అలవాటు చెదిరినందుకు అంటారు. దీనికీ ఆధారం ఉంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ బృందం 32 పిల్లులను 77 వారాల పాటు గమనించి 2011లో రాసింది. చూసుకునే మనుషులు మారడం, తిండి వేళలు తప్పడం లాంటివి జరిగిన వారాల్లో మూత్రాశయ జబ్బు ఉన్న పిల్లులతో పాటు ఆరోగ్యంగా ఉన్నవి కూడా తిండి తగ్గించాయి, వాంతులు చేసుకున్నాయి, దొడ్డికి మామూలు చోటు వదిలి మరోచోటికి వెళ్ళాయి. అయితే నేను అడిగేది ఒకటే. ఐదింటికి వాకిలి చల్లడం, గరిటె చప్పుడు, మడమలు, మధ్యాహ్నం మంచం, సాయంత్రం టీవీ ముందు ఒడి, ఇవన్నీ తీసేస్తే పిల్లికి అమ్మ అంటే ఇంకేమి మిగులుతుంది? మనకైనా మనవాళ్ళంటే వేళకు వినబడే అడుగుల చప్పుడూ, వంటింటి వాసనా, పిలిచే తీరూ కాదా? నాన్న పోయిన తర్వాత చాలా రోజులు అమ్మ రెండు గ్లాసుల టీ పెట్టేది. దాన్ని ఎవరూ అలవాటు అనలేదు.

నా ఉద్యోగం కొత్తలో కోస్గి వైపు ఒక ఊరి బడిలో పనిచేశాను. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా అక్కడ పాలమూరు కూలీ ఉన్నాడనేవారు. దసరా దాటాక ఊరు ఖాళీ అయ్యేది. ముంబై, పుణే బస్సులు ఎక్కి సంసారాలకు సంసారాలు వెళ్ళిపోయేవి. బడి మానకూడదని పిల్లల్ని సీజనల్ హాస్టల్లో ఉంచేవారు కొందరు. ముసలివాళ్ళు మిగిలేవారు, తాళాలు మిగిలేవి. మనుషుల వలస ముందు పిల్లుల మాట ఎత్తడం కొందరికి తప్పుగా తోచవచ్చు. కానీ ఆ మాట నా దగ్గర మొదట ఎత్తింది వలస పోతున్న ఒక తల్లే. పొద్దుటి బస్సుకు మూటలు కట్టుకుని బడి గోడ దగ్గర ఆగి, "టీచరమ్మా, మా పిల్లి ఇటు వస్తే ఇంత అన్నం వెయ్యి" అంది. పిల్లలను హాస్టల్లో వదిలి వస్తున్నప్పుడు ఆపుకున్న కన్నీళ్ళు ఆ ఒక్క మాట దగ్గర ఆమెకు ఆగలేదు.

నల్లమచ్చల పిల్లి అది. మధ్యాహ్న భోజనం వేళకు బడికి వచ్చేది, తినేది. ఒక్కసారి కూడా బడిలో పడుకోలేదు. రాత్రంతా తాళం వేసిన గడప మీదే ఉండేదని ఎదురింటి అవ్వ చెప్పేది. వానలు మొదలయ్యే వేళకు వాళ్ళు తిరిగి వచ్చారు. మర్నాడు నేను వెళ్ళేసరికి ఇంకా విప్పని మూటల మీద కూర్చుని ఉంది. ఆ గడప చూసి, 'చూశారా, పిల్లి ఇంటినే నమ్ముకుంది' అనవచ్చు. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

ఆ ఆలోచన మార్చింది మా అమ్మమ్మ చెప్పిన సంగతి. అమ్మమ్మది కొల్లాపురం వైపు కృష్ణ ఒడ్డున ఊరు. శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో ఖాళీ చేయించిన ఊళ్ళలో అదొకటి. దేవుళ్ళ గుళ్ళను రాయి రాయి విప్పి కొత్త చోట నిలబెట్టిన రోజులవి. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి అలాగే ఆలంపురానికి వచ్చింది. మనుషులు తమ ఇళ్ళ దూలాలు, దర్వాజాలు ఊడబెరుక్కుని బండ్ల మీద గట్టుకు చేరారు. అమ్మమ్మ తన పిల్లిని గోనెసంచిలో వేసుకుని తెచ్చింది. మూడో నాటికి అది పారిపోయి కూలిన గోడల మధ్య దొరికింది. తాతయ్య వెళ్ళి తెచ్చాడు. మళ్ళీ పోయింది. మళ్ళీ తెచ్చాడు. ఆలోగా కొత్తగా వేసిన గుడిసెకు పాత ఇంటి దర్వాజా బిగించారు. పిల్లిని దించగానే అది దర్వాజా దగ్గరకు వెళ్ళి, కింది నుంచి తాను అందినంత ఎత్తు దాకా బుగ్గ రాస్తూ చాలాసేపు నిలబడిందట. ఆ తర్వాత ఇంక వెళ్ళలేదు. గోడలు అక్కడే ఉన్నాయి, ఎలుకలు అక్కడే ఉన్నాయి, నీళ్ళు ఇంకా రాలేదు. అయినా వెళ్ళలేదు.

ఏళ్ళ తరబడి అమ్మమ్మ చెయ్యి, తాతయ్య భుజం, పిల్లల వేళ్ళు, ఆ పిల్లి బుగ్గ అన్నీ రాసుకున్న కట్టె అది. పిల్లికి ఇల్లంటే వాసన. ఆ వాసన చేసేది మనుషులు. మనిషినీ ఇంటినీ విడదీసి ఏది నమ్ముకున్నావని అడిగే ప్రశ్న మనది, పిల్లిది కాదు. నల్లమచ్చల పిల్లి గడప మీద ఎందుకు పడుకుందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఊళ్ళో ఆ తల్లి వాసన మిగిలిన చోటు అదొక్కటే.

అమ్మ 23వ రోజు ఇంటికి వచ్చింది. ఆటో దిగి వస్తుంటే బెల్లం ఎదురు వెళుతుందని అందరం చూస్తున్నాం. వెళ్ళింది కూడా. రెండడుగుల దూరంలో ఆగి మెడ చాచి అమ్మ పాదాల దగ్గర వాసన చూసింది. వెంటనే వెనక్కి తగ్గి వీపు మీద వెంట్రుకలు లేపి బీరువా కిందికి దూరింది. అమ్మ ముఖం చూడలేకపోయాను. "పిల్లి కోపం చేసింది" అన్నారు చూడవచ్చినవాళ్ళు. ఒకాయన, "చెప్పలేదా, విశ్వాసం లేని జాతి" అన్నాడు. నాకు ఆ మాటకు వచ్చినంత కోపం ఈ మధ్య ఎప్పుడూ రాలేదు.

అమ్మ ఒంటి నిండా ఆసుపత్రి వాసన. మందులు, స్పిరిట్, అక్కడి సబ్బు, ప్లాస్టరు జిగురు. రూపం, గొంతు అమ్మవి, వాసన మాత్రం వేరెవరిదో. రెండు పిల్లులున్న ఇంట్లో ఒకటి పశువుల ఆసుపత్రికి వెళ్ళి వస్తే రెండోది దాని మీద బుసకొడుతుంది, అదీ ఇలాంటిదే. మర్నాడు అమ్మకు ఇంటి సబ్బుతో స్నానం చేయించి, బొంత మీద మడిచి ఉంచిన పాత చీర కట్టాను. ఆ చీరను ఆ మూడు వారాలూ నేను ఉతకలేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే బెల్లం అమ్మ కాళ్ళ దగ్గర ఉంది. గుర్రుగుర్రుమనే చప్పుడు గది అంతా వినబడుతోంది. స్వీడన్‌లో 14 పిల్లుల మీద చేసి 2017లో ప్రచురించిన పనిలో, అరగంట తర్వాత వచ్చిన యజమాని దగ్గర కంటే నాలుగు గంటల తర్వాత వచ్చిన యజమాని దగ్గర పిల్లులు ఎక్కువగా గుర్రుగుర్రుమన్నాయి, ఎక్కువగా ఒళ్ళు విరుచుకున్నాయి. నాలుగు గంటలకే అంత తేడా. 23 రోజులకు ఎంతో నేను ఆ రాత్రి విన్నాను.

కాబట్టి ఊరికి వెళ్ళేవాళ్ళకు నేను గట్టిగా చెబుతున్నాను. పక్కింటివాళ్ళకు తాళంచెవి ఇచ్చి వెళ్ళేముందు, వాళ్ళ చేత వారం పది రోజులు మీ ఎదుటే తిండి పెట్టించండి. వేళ మార్చవద్దు, గిన్నె మార్చవద్దు. ఇల్లు శుభ్రం చేసి వెళ్ళాలన్న తపనతో దుప్పట్లన్నీ ఉతికి ఆరేయకండి. కట్టి విడిచిన చీరో లుంగీయో మంచం మీద వదిలేయండి. పిల్లిని తీసుకెళ్ళి వేరే ఇంట్లో దించడం కంటే మనిషే దాని ఇంటికి రావడం మంచిది. ఒక రోజంతా తినకపోతే ఫోను చేయమనండి, రెండో రోజుకు డాక్టరుకు చూపించమనండి. మగపిల్లి మూత్రానికి కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే పూట కూడా ఆగవద్దు. దిగులు, భయం మూత్రాశయం మీద పడతాయి, మగవాటికి దారి సన్నం, మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. తిరిగి వచ్చాక మంచం మీద మూత్రం వాసన వస్తే కొట్టకండి. ఎడబాటుకు తల్లడిల్లే పిల్లులు అలా చేస్తాయని పశువైద్యులు ఏనాడో గుర్తించారు. యజమాని పడుకునే చోటునే అవి ఎంచుకుంటాయి. బ్రెజిల్‌లో చేసి 2020లో ప్రచురించిన ఒక సర్వేలో 223 పిల్లుల్లో 30 పిల్లులకు ఇలాంటి ఎడబాటు బాధలు కనబడ్డాయి. వస్తువులు చింపడం, అదేపనిగా అరవడం, చోటు కాని చోట మూత్రం. ఆడుకునే వస్తువులు లేని ఇళ్ళలో, మరో జంతువు తోడు లేని ఇళ్ళలో ఇవి ఎక్కువ. 223లో 30 తక్కువే అని అనిపిస్తే, ఆ ముప్ఫైలో మీ పిల్లి లేదని ఎలా తెలుస్తుందో చెప్పండి.

ఇంత శ్రద్ధ పిల్లికి అవసరమా అని అడిగేవాళ్ళు మా ఇంటికీ వస్తారు. మనిషి చేతుల్లో పెరిగినది మనిషి కోసం చూస్తుంది. ఆ చూపును మనమే నేర్పాం. సైప్రస్‌లో తొమ్మిదిన్నర వేల ఏళ్ళ కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టిన గుర్తులు దొరికాయి. అంతకాలం నుంచి పక్కన పడుకుంటున్నదాన్ని ఇంకా అద్దెకున్నదానిలా చూడటం నాకు న్యాయంగా తోచదు.

వచ్చే నెల తమ్ముడి కొడుకు పంచెల వేడుక. అమ్మ పుణే వెళ్ళి నెల రోజులు ఉండాలి. "వాడినేం చేద్దాం?" అని రోజూ అడుగుతోంది. పది రోజుల నుంచి ఐదింటికి నేనే లేచి వాకిలి చల్లుతున్నాను. నా ముగ్గు వంకరగానే ఉంది, అయినా అరుగు మీద కూర్చుని చూస్తోంది. గిన్నె అంచును గరిటెతో రెండుసార్లు తడుతున్నాను. మొదటి నాలుగు రోజులు గిన్నె దాటి వెళ్ళి అమ్మ మంచం కింద కూర్చుంది. ఐదో రోజు అమ్మ పాత చీర కట్టుకుని నిలబడ్డాను. ఈ పొద్దున నా మడమకు ఒకసారి బుగ్గ రాసింది. సగం తిని, గదిలోకి వెళ్ళి అమ్మ ఉందో లేదో చూసుకుని, తిరిగి వచ్చి మిగతాది తింది.